పాత కారుకు ఊపిరి

ఏలూరునుండి తాడేపల్లిగూడెము పోవు రహదారిమీద భీమడోలు, పుల్ల, కైకరము దాటిన పిమ్మట ఉంగుటూరు తగులును. పుష్యమాసములో అచ్చటి తెల్లవారుజాము ఎట్లుండునో ఆ ప్రాంతపు శ్రోతలకు మేము చెప్పనక్కరలేదు. ఒక ప్రక్క కొల్లేరు, తక్కిన ప్రక్కల వరిచేలు, చేపల చెరువులు, కాలువలు. మంచు ఆకాశమునుండి దిగుచున్నదో, నేలనుండి లేచుచున్నదో తెలియదు. ఎదుటి కొబ్బరిచెట్టు మొవ్వు కనిపించుటకు ఎనిమిది గంటలు కావలెను. దండెముమీద రాత్రి ఆరవేసిన తువ్వాలు తెల్లవారుసరికి ఇంకను తడిసియుండును.

2025 జనవరిలో, సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు, అట్టి ఒక ఉదయమున మా మేనమామగారి ఇంటి ప్రక్క పాకలో మేము నిలబడియున్నాము. పాకలో 1968లో మా తాతగారు కొన్న అంబాసిడరు కారున్నది. రెండవ మార్కు బండి. మామయ్యగారు డాష్‌బోర్డుమీది చోకు గుండీని బారెడు బయటికి లాగి, తాళము త్రిప్పినారు. ఇంజను నాలుగైదుసార్లు దగ్గి, ఒకసారి కార్బురేటరునుండి ఎదురు తుమ్ము తుమ్మి, ఆగిపోయినది. ఆరవ ప్రయత్నమున అందుకొన్నది. వెంటనే వారు జేబులోనుండి బట్టలు ఆరవేయు చెక్కక్లిప్పు నొకదానిని తీసి, లాగిన గుండీ లోపలికి పోకుండ దాని కాడకు తగిలించినారు.

"ఇదేమిటి మామయ్యా?" అంటిమి.

"ఇది లేకపోతే రైలుగేటు దగ్గర ఆగినప్పుడల్లా చచ్చిపోతోందిరా. రోడ్డెక్కితే మాత్రం గుర్రంలా పోతుంది. గేటు పడిందా, అంతే!" అన్నారు.

ఆ ఒక్క మాటలోనే రోగలక్షణమంతయు ఉన్నది. కాని ఆ సంగతి మాకు ఆనాడు వెంటనే తోచలేదు. వారికి డెబ్బదియారు సంవత్సరములు. తాడేపల్లిగూడెమునకు పోయి రెండు బస్తాల ఎరువు తెచ్చుకొనుటకు ఇంట వేరొక చిన్న కారున్నది. దీనిని వారు ఉంచుకొన్నది వేరే పనికి. మా తాతగారు బ్రదికియున్న కాలమున, ఫాల్గుణములో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్ళకు కుటుంబమును ఈ కారులో తీసికొనిపోయి, కారును గట్టున నిలిపి, అచ్చటినుండి పడవలో కోటకు చేర్చెడివారట. మా అమ్మగారు అప్పుడు పదునాలుగేండ్ల పిల్ల. ఆ అక్కడికే, ఆ కారులోనే, మరియొకసారి పోవలెనని ఆమె కోరిక. అన్నగారు సరే అన్నారు. నడుమ ఉన్న వ్యవధి రెండు మాసములకు లోపు.

ఇంతలో సలహాలకు కొదువ లేదు. "దీన్ని తూకానికి ఇచ్చేయండి" అన్నవారు ఒకరు. "డీజిలు ఇంజను పెట్టించండి, ఇరవై ఏళ్ళు చూడక్కరలేదు" అన్నవారు ఇంకొకరు. ఈ రెండవ సలహాను గూర్చి ఒక మాట చెప్పవలెను. కేంద్ర మోటారు వాహన నిబంధనలలో 2021 జూలైలో చేర్చిన నియమముల ప్రకారము, మొదట రిజిస్టరైన నాటినుండి 50 సంవత్సరములు దాటిన సొంత బండిని, దాని ఛాసిస్సు, బాడీ, ఇంజను మార్పులకు లోనుగాక నిలిచియున్నచో, వింటేజి వాహనముగా నమోదు చేయించుకొనవచ్చును. అప్పుడు నంబరులో వి.ఎ. అను అక్షరములు చేరును. క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 సంవత్సరములు. ఐతే అట్టి బండిని నిత్యపు రాకపోకలకు వాడరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలు పోయించుకొనుటకు తీసికొనిపోవచ్చును. "అయితే తిరునాళ్ళకు పోకూడదా? మనకెందుకది?" అని మామయ్యగారు మామూలు రిజిస్ట్రేషనునే పొడిగించుకొన్నారు. అయినను రేపు మనుమలకు ఆ దారి మూసివేయకుండుటకైనను ఇంజనును మార్చరాదని మేము వాదించినాము. వారిని ఒప్పించుటకు ఎక్కువసేపు పట్టలేదు. అసలు వారికి మార్చు ఉద్దేశమే లేదు.

వింటేజి అను మాటను పండితులు 1919 మొదలు 1930 వరకు తయారైన బండ్లకే పరిమితము చేయుదురు. ఆ లెక్కన అంబాసిడరు పసిబిడ్డ. అది ఆక్స్‌ఫర్డు నగరపు మోరిస్ కంపెనీవారి ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారునకు భారతీయరూపము. కలకత్తా దగ్గర ఉత్తరపారా కర్మాగారమున తయారై, 2014 మేలో అచ్చట ఉత్పత్తి నిలిచిపోవు వరకు, సుమారు ఐదున్నర దశాబ్దములు ఇంచుమించు అదే ఆకారముతో వచ్చినది. మొదటి బండ్లలో ప్రక్క వాల్వుల ఇంజనుండెడిది. 1959 నుండి 1489 ఘనసెంటీమీటర్ల, తలపై వాల్వులు గల ఇంజను వచ్చినది. మా తాతగారి బండిలోనిది అదే.

ఇక గాలి సంగతి. ఇంజను తాను పీల్చు గాలిలో పెట్రోలును కలిపి ఇచ్చునది కార్బురేటరు. ఆ మిశ్రమమును సిలిండర్లకు పంచిపెట్టు శాఖలు గల గొట్టము ఇన్‌లెట్ మానిఫోల్డు. మండిన పొగను ప్రోగుచేసి సైలెన్సరుకు పంపునది ఎగ్జాస్టు మానిఫోల్డు. ఈ ఇంజనులో ఈ రెండును ఒకే ప్రక్కన, ఎడమవైపున, ఒకదాని నొకటి ఆనుకొనియుండును. చలిలో పెట్రోలు గొట్టపు గోడలకు చెమ్మవలె పట్టి నిలిచిపోకుండ, పొగగొట్టపు వేడి గాలిగొట్టమునకు కొంత తగులవలెనని ఆ ఏర్పాటు. మంచి ఏర్పాటే. కాని పెట్రోలుతో నిండిన కార్బురేటరు సరిగా నిప్పువలె కాలు ఇనుముపైన కూర్చుండునన్న సంగతి మరువరాదు. దీనికి మరల వత్తుము.

పెట్రోలు చక్కగా మండుటకు తూకమున ఒక పాలు పెట్రోలుకు ఇంచుమించు పదునైదు పాళ్ళ గాలి కావలెను. చల్లని ఇంజనులో పెట్రోలు సగము ఆవిరికాదు, కనుక ఆరంభమున పాలు హెచ్చింపవలెను. తడికట్టెల పొయ్యిపై కిరసనాయిలు కాస్త ఎక్కువ చిలుకరించినట్లే. ఈ హెచ్చు పాలును ఇచ్చు ఉపాయమే చోకు. చాల బండ్లలో అది గాలిదారికి అడ్డముపడు రేకు తలుపు. గాలి తగ్గినకొలది పెట్రోలు పాలు పెరుగును. మామయ్యగారి బండికున్నది ఎస్.యు. కార్బురేటరు. దానిలో రేకు తలుపు లేదు. ఒక సన్నని ఇత్తడి గొట్టములో, దానినే జెట్టు అందురు, కొనదేలిన సూది ఒకటి దిగియుండును. గాలి లాగినకొలది పైనున్న పిస్టనుతోబాటు సూది లేచి, చుట్టునున్న ఖాళీ పెరిగి, పెట్రోలు ఎక్కువ వచ్చును. చోకు గుండీని లాగినప్పుడు సూది కదలదు, జెట్టు క్రిందికి దిగును. ఫలితమొక్కటే. గుండీని మరల నొక్కగానే స్ప్రింగు జెట్టును పైకి తీసికొనిపోవలెను.

ఎస్.యు. అనగా స్కిన్నర్ యూనియను. స్కిన్నరు సోదరులు ఇంగ్లండులో చెప్పుల వ్యాపారము గల కుటుంబమువారు. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో వారు చేసిన మొదటి కార్బురేటర్లలో పిస్టనుకు బదులు తోలుతిత్తి ఉండెడిదని తెలిసినప్పుడు మాకు కంసాలి కొలిమి గుర్తు వచ్చినది. 1926లో ఆ సంస్థను మోరిస్ కొనినాడు. ఆ దారిననే అది ఉత్తరపారా మీదుగా ఉంగుటూరునకు వచ్చినది.

బండిని చూచుటకు తాడేపల్లిగూడెమునుండి ఒక వృద్ధ మేస్త్రీ వచ్చినారు. పని మానివేసి ఏడేండ్లైనదట. బానెట్టు ఎత్తి, స్పానరు పట్టక, ముందుగా చేతులు వెనుకకు కట్టుకొని చెవి యొగ్గి విన్నారు. పిదప, "ఆయ్, ఈ క్లిప్పు ఎవరు పెట్టారండి? దీన్ని తీస్తే గాని జబ్బు బయటపడదండి" అన్నారు. తీసినారు. గుండీ లోపలికి పోగానే ఇంజను వేగము ఎగసి, పడి, మరల ఎగసి, ఎగశ్వాస వచ్చినట్లైనది. వారు సబ్బునీటిని ఒక కుంచెతో గాలిగొట్టము ఇంజనుకు అతుకుకొను చోట రాచుచు వచ్చినారు. వెనుక భాగమున ఏమియు మార్పు లేదు. ముందు అతుకు దగ్గరకు వచ్చునప్పటికి నురుగు లోపలికి పీల్చుకొనిపోయి, ఇంజను ధ్వని మారినది. అచ్చటనే దొంగగాలి దూరుచున్నది.

కొందరు ఈ పరీక్షకు పెట్రోలును చిమ్ముదురు. వేడిగొట్టము ప్రక్కన అది చేయదగిన పని కాదు, సబ్బునీరు చాలును. అదియు చిలుకరించుట కాదు, కుంచెతో రాయుటే మేలు.

ఇప్పుడు రైలుగేటు సంగతి బోధపడినది. ఎక్సిలరేటరు వదిలినప్పుడు గాలిదారి ఇంచుమించు మూసికొనిపోవును. ఇంజను మాత్రము పీల్చుచునే యుండును. కనుక గొట్టములో శూన్యము బలముగా ఏర్పడును. ఆ సమయమున వెంట్రుకంత సందున్నను అందుండి గాలి జొరబడి మిశ్రమమును పలుచన చేయును. చీలిన గొట్టముతో కొబ్బరినీళ్ళు త్రాగినచో నోటికి గాలియే ఎక్కువ వచ్చునుగదా. రహదారిమీద ఎక్సిలరేటరు తొక్కి పోవునప్పుడు దారి తెరచుకొని శూన్యము తగ్గును. వచ్చు గాలియు ఎక్కువ కాబట్టి సందులోని గాలి లెక్కకు రాదు. అందుచేతనే రోడ్డుమీద గుర్రము, గేటు దగ్గర రోగి. ఈ ఇంజనులో ఇంకొక విశేషమున్నది. నాలుగు సిలిండర్లకు గాలిద్వారములు రెండే. మొదటి రెంటికి ఒకటి, వెనుక రెంటికి ఒకటి. ముందు అతుకు కారినచో మొదటి రెండు సిలిండర్లును ఒకేసారి నీరసించును. ప్లగ్గులు విప్పి చూచుటకు ముందే మేస్త్రీగారు ఆ మాట చెప్పినారు.

ప్లగ్గులు విప్పగా కనబడినది వేరొక చిత్రము. వెనుక రెండును కాటుకవలె నల్లనై యున్నవి. ముందు రెండును వానికన్న తేట. గాలి దొంగతనమును కప్పిపుచ్చుటకు చోకును నిత్యము లాగియుంచుట చేత, గాలి కారని సిలిండర్లకు పెట్రోలు అవసరమునకు మించి పోయినది. ఇంజను నూనె కొలపుల్ల తీసి వాసన చూచిన పెట్రోలు కంపు. మండకమిగిలిన పెట్రోలు సిలిండరు గోడల నూనెను కడిగి క్రిందికి దిగుచున్నదన్నమాట. లీటరుకు పది కిలోమీటర్లు పోవలసిన బండి ఏడు దాటకపోవుటకు కారణము అదే. బట్టల క్లిప్పు ఖరీదు రూపాయో, రెండో. దాని వెనుక ఎంత ఖర్చు దాగియున్నదో చూడుడు.

ఐనను అసలు భయము అది కాదు. ఎస్.యు. జెట్టు అడుగునుండి ఒక సన్నని నైలాను గొట్టము బయలుదేరి, ఫ్లోటు గిన్నె అడుగునకు చేరును. పెట్రోలు ఆ దారిననే జెట్టులోకి వచ్చును. జెట్టు దిగినప్పుడెల్ల ఆ గొట్టము వంగవలెను. మా బండిలో అది ఏండ్ల తరబడి వంగియే యున్నది. గొట్టము ముదిరి పసుపుపచ్చనై, గిన్నెను చేరు చోట సన్నని బీట తీసినది. లోపలి రబ్బరు వాషరు బిరుసెక్కి గాజువలె ఉన్నది. మేస్త్రీగారు టార్చిలైటు వేసి క్రిందికి చూపినారు. ఎగ్జాస్టు మానిఫోల్డుమీద, తుప్పురంగు నడుమ, రూపాయి బిళ్ళంత తేటమచ్చ. చుట్టును అంచు గట్టిన మరకలు. పెట్రోలు చుక్కలు పడి ఆవిరియైన గుర్తు. మామయ్యగారు తమ పాకలో రాత్రులు వచ్చు పెట్రోలు వాసనను "పాత బండి వాసన" అని అనుకొనుచుండిరి. ఆ మచ్చ చూచిన పిమ్మట వారు చాలసేపు మాటాడలేదు. తరువాత ఇంటిలోనికి పోయి, ప్రతి ఉదయమును ఆ పాకలోనే కూర్చుండి చుట్ట కాల్చు తమ పాలేరును పిలిచి, ఇకమీదట కాలువగట్టున కాల్చుకొమ్మని చెప్పివచ్చినారు.

ఇప్పటి పెట్రోలులో ఇథనాలు పాలు హెచ్చినది. 2025 నాటికి నూటికి ఇరువది పాళ్ళ మిశ్రమము దేశమంతట బంకులలో వచ్చుచున్నది. ఇది పాతకాలపు రబ్బరును, బెండును సహించనీయదు, తేమను పీల్చుకొనును, పైగా అందులోనే ప్రాణవాయువు ఉండుటచేత, వెనుకటి పెట్రోలుకు సరిపుచ్చిన కార్బురేటరులో మిశ్రమము కొంత పలుచనగును. కాబట్టి 50 ఏండ్ల బండిలో రబ్బరు భాగములను "ఇంకను బాగానే ఉన్నవి" అని వదలరాదు. వానిని మార్చునప్పుడు ఇథనాలును తట్టుకొనునవియా కావా అని అడిగి కొనవలెను.

పని మరునాడు మొదలైనది. ఇంజను పూర్తిగా చల్లారియుండగా ముందు బ్యాటరీ తీగె ఊడదీసినారు. పెట్రోలు గొట్టమును విప్పి మూతికి బిరడా కొట్టినారు. గాలివడపోత, ఎక్సిలరేటరు కడ్డీ, చోకు తీగె వరుసగా వచ్చినవి. చోకు తీగె వచ్చినది అనుట పొరపాటు, తెగినది. కొల్లేటి తేమకు తొడుగులోని ఉక్కుతీగె తుప్పెక్కి తొడుగుతో ఏకమైపోయినది. గుండీ తనంత తాను నిలువదనియే గదా క్లిప్పు వచ్చినది. గుండీ లోపలికి పోయినను జెట్టు పూర్తిగా పైకి చేరుట లేదని అప్పుడు తెలిసినది.

మానిఫోల్డు నట్లకు ముందురోజు రాత్రియే నూనె పట్టించినారు. అట్లు చేయక బలముతో త్రిప్పినచో స్టడ్డు విరిగి ఇంజను తలలో ఉండిపోవును. అప్పుడు రెండు గంటల పని రెండు వారములగును. ఈ ఇంజనులో గాలిగొట్టపు రెక్కను, పొగగొట్టపు రెక్కను ఒకే స్టడ్డు పట్టియుంచును. దానికి దళసరి పెద్ద వాషరు ఉండి, సగము ఒక రెక్కమీద, సగము రెండవదానిమీద నొక్కును. మేస్త్రీగారు విప్పిన వాషరునొకదానిని వెలుతురులో త్రిప్పి చూచి, మాకు అందించినారు. ఒక సగము మెరుగుపెట్టినట్లున్నది, రెండవ సగము మసి.

"అర్థమయిందా బాబుగారూ? ఇది ఒక్క కాలుమీద నిలబడుతోందండి."

జరిగినదిది. వెనుక ఎప్పుడో, ఎచ్చటనో, ఒకరు ఈ గొట్టములను విప్పినప్పుడు గాలిగొట్టపు ముఖము వంకర పోయినదని దానిని మాత్రమే లేతుమీద చదును చేయించినారు. చదునైనది, కాని రెక్క పలుచనైనది. పొగగొట్టపు రెక్క దళసరి మారలేదు. ఇక వాషరు ఎత్తుగా ఉన్నదానిమీదనే ఆనును. పలుచని రెక్కకు నొక్కు పడదు. నట్టును ఎంత బిగించినను బిగువు పొగగొట్టమునకే పోవును. పనివానికి చిత్తశుద్ధి లేక కాదు. సగము పని శ్రద్ధగా చేసినాడు. గాస్కెట్టు ముందు భాగమున కాలక, నలగక, క్రొత్తదానివలె ఉండుటయే సాక్ష్యము. గాస్కెట్టు నలిగి ముద్ర పడవలెను. ముద్ర లేనిచోట పట్టు లేదు.

ఉక్కు కొలబద్దను రెండు గొట్టముల ముఖముల మీదుగా నిలిపి, క్రింద సన్నని కొలత రేకులను దూర్చి చూచినాము. గాలిగొట్టపు ముందు కొసన అంగుళములో వేయింట పన్నెండు వంతుల రేకు సులువుగా పోయినది. కన్నునకు కనబడని సందు. ఇట్టి గొట్టములను చదును చేయవలసి వచ్చినప్పుడు రెంటిని కలిపి, వాని స్థానములలో బిగించి, ఒకే ముఖముగా చదును చేయవలెను. ఇందులో ఇంకొక చిక్కున్నది. గాలిగొట్టము అల్యూమినియము, పొగగొట్టము పోతయినుము. కాగినప్పుడు రెండును ఒకే మోతాదున సాగవు, కనుకనే వంకర.

మా గాలిగొట్టపు రెక్క అప్పటికే పలుచబడియుండుటచేత దానిని మరల అరగదీయుట తగదని మేస్త్రీగారు నిర్ణయించినారు. విజయవాడ ఆటోనగరులో పాత సరకుల దుకాణములు గాలించగా నాలుగవ దుకాణమున ఒక గాలిగొట్టము దొరికినది. క్రొత్తది కాదు, విప్పిన బండిలోనిది. కొనుటకు ముందు దుకాణములోనే మంచి వెలుతురున పగుళ్ళకు చూచి, కొలబద్ద పెట్టి, స్టడ్డు రంధ్రముల మరలు వ్రేలితో తడవి చూచినాము. దుకాణదారు ఓర్పు గలవాడు, కాఫీ కూడ తెప్పించినాడు. ఏలూరులో లేతువద్ద దానిని మా పొగగొట్టముతో జతచేసి చదును చేయించినాము. ఈమాటు వాషరు రెండు రెక్కలమీదను సమముగా ఆనినది. స్టడ్డులు రెండు, ఇత్తడి నట్లన్నియు క్రొత్తవి వేసినాము. ఇత్తడి నట్టు ఉక్కు స్టడ్డునకు తుప్పుతో అతుకుకొనిపోదు. మరియొక ముప్పది ఏండ్లకు విప్పువాడు మనలను తిట్టడు.

జెట్టు, నైలాను గొట్టము, దాని చివరి తొడుగు, రబ్బరు వాషరు కలిపి ఒకే భాగముగా వచ్చును. ఎస్.యు. విడిభాగములను ఇంగ్లండులోని సాలిస్‌బరీలో బర్లెన్ సంస్థవారు ఇప్పటికిని తయారు చేయుచున్నారు. తెప్పించుటకు పదునెనిమిది రోజులు పట్టినది. మా అమ్మగారు ఆ రోజులను పంచాంగముమీద లెక్కించుచుండిరి. వచ్చిన దానిని బిగించుటలో మెలకువ ఉన్నది. నైలాను గొట్టపు కొన రబ్బరు తొడుగును దాటి కనీసము అంగుళములో పదునారింట మూడు వంతులు ముందునకు రావలెను. తక్కువైనచో బిగించునప్పుడు జారి, మరల కారును. పిమ్మట జెట్టు సూదికి నట్టనడుమ ఉండవలెను. బిగింపు నట్టు వదులుచేసి, జెట్టును పూర్తిగా పైకి నెట్టి, పిస్టనును మెల్లగా క్రిందికి నొక్కి పట్టి బిగించవలెను. తరువాత పిస్టనును వ్రేలితో ఎత్తి వదిలినచో అది టక్కుమని శబ్దము చేయుచు క్రింద ఆనవలెను. జెట్టు పైనున్నప్పుడును, చోకు లాగి క్రిందికి దింపినప్పుడును ఆ శబ్దము ఒకేరీతి రావలెను. మాకు మూడవసారికి వచ్చినది. మేస్త్రీగారి చెవికి నాలుగవసారికి.

పిస్టను గదిని శుభ్రము చేయునప్పుడు గరుకు కాగితము తగిలించరాదు. పెట్రోలులో తడిపిన మెత్తని గుడ్డ చాలును. జెట్టు క్రింది నట్టును పూర్తిగా పైకి బిగించి, అచ్చటినుండి రెండు పూర్తి చుట్లు, అనగా పన్నెండు పలకలు, దింపుట ఆరంభపు అమరిక. మేము విప్పినప్పుడు లెక్కించగా అది ఇరువది పలకలకు పైగా దిగియున్నది. దొంగగాలిని ఎవరో ఇచ్చటకూడ పెట్రోలుతో కప్పిపుచ్చినారన్నమాట. చోకు తీగెను క్రొత్తది వేసి, దానిని లాగునప్పుడు అంగుళములో పదునారవ వంతు వట్టి కదలిక ఉండునట్లు అమర్చినాము. ఆ వట్టి కదలిక లేనిచో గుండీ మూసినను జెట్టు పూర్తిగా పైకి పోదు. గుండీ ప్రయాణములో మొదటి కొంత దూరము జెట్టును కదల్పదు. ఇంజను వేగమును మాత్రము కొంచెము పెంచును. ఇంజను నులివెచ్చనైన తరువాత గుండీని అంత దూరమే ఉంచి, నిమిషములో పూర్తిగా నొక్కివేయవచ్చును.

ఫియటు కారు గల శ్రోతలకు ఒక మాట. దాని సోలెక్సు కార్బురేటరులో చోకు వేరొక రకము. అందులో ఆరంభమునకు ప్రత్యేకముగా ఒక చిన్న దారి ఉండి, గుండీ లాగినప్పుడు అది తెరచుకొనును. అది సగము తెరచియే నిలిచిపోయినచో రోగలక్షణములు ఇవియే. సబ్బునీటి పరీక్ష ఏ బండికైనను ఒకటే.

మాఘమాసపు చివర ఒక ఉదయమున, మరల మంచులోనే, బండిని లేపినాము. చోకు పూర్తిగా లాగి తాళము త్రిప్పగా రెండవ చుట్టునకే అందుకొన్నది. మూడు నిమిషములకు గుండీ లోపలికి పోయినది. ఇంజను నిలుకడగా మ్రోగినది. శూన్యమును కొలుచు గడియారములో ముందు పాదరసపు పదుమూడు అంగుళములు చూపిన ముల్లు ఇప్పుడు పదునెనిమిది దగ్గర కదలక నిలిచినది. మేస్త్రీగారు పిస్టనును వెంట్రుకవాసి ఎత్తి చూచినారు. ఇంజను వేగము క్షణము పెరిగి మరల యథాస్థితికి వచ్చినది. అట్లు రాక, పెరిగి పెరిగినట్లే ఉన్నచో పెట్రోలు ఎక్కువ, ఆగబోయినచో తక్కువ. ఇథనాలు కారణముగా వారు నట్టును ఒక పలక దింపినారు. త్రాటిలు ఇరుసు కొంచెము అరిగియున్నదనియు, అచ్చటను ఇసుమంత గాలి దూరుచున్నదనియు కనిపెట్టినారు. దానికి క్రొత్త బుష్షులు వేయవలెను. అది వర్షాకాలమునకు వాయిదా పడినది.

ఫాల్గుణములో మా అమ్మగారిని, మామయ్యగారిని వెనుక సీటులో కూర్చుండబెట్టి, కైకలూరు మీదుగా కొల్లేటికోటకు మేమే నడిపినాము. ఇప్పుడు పడవ అక్కరలేదు. ఉంగుటూరు రైలుగేటు ఆనాడు కూడ పడినది. రెండు గూడ్సుబండ్లు పోవువరకు ఆగినాము. మామయ్యగారు ముందునకు వంగి మా భుజము మీదుగా గుండీ వంక చూచుచుండిరి. ఇంజను ఆగలేదు. అమ్మగారు మాత్రము "గేటు ఎత్తారు, పోనీరా" అన్నారు.

వేడికి గాస్కెట్టు నలిగి మానిఫోల్డు నట్లు కొంత వదులగును. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగిన పిమ్మట, చల్లని ఇంజనుమీద, నడుమనుండి కొసలకు వరుసగా వానిని మరల బిగించవలెను. ఆ పనికి మేస్త్రీగారు ఉగాది వెళ్ళిన ఆదివారము వత్తునన్నారు. బట్టల క్లిప్పును అత్తయ్యగారు ఆరోజే తీసికొనిపోయినారు.